ఎనిమిది ఫ్రేములు

...రెప్ప ముందు వాలాలి, ఆ తరవాతే తల తిరగాలి, అది తెలియక కాదు. కళ్లు ముందు కదులుతాయి, కళ్ల వెనక తల, తల వెనక మెడ. ఒంటెకైతే ఆ మెడ ఒక పట్టాన తెమలదు. అది అటు తిరిగేసరికి ఎంత బాధైనా చల్లారిపోతుంది. అయినా సింధూజ రెప్పను మూడు ఫ్రేములు ముందుకు జరిపి చూసింది, మళ్లీ వెనక్కి జరిపి చూసింది. తెరమీద ఒంటె ఎన్నోసారో కాకి మాట వింది, ఎన్నోసారో కనుబొమలు పైకెత్తింది, కింది పెదవి వేలాడేసి "అలాగా" అంది. పాడు ఒంటె. అబద్ధాల ఒంటె.

మొత్తం పదకొండు సెకన్ల ముక్క. పిల్లల సినిమాలోది. ఉప్పు మోసే రెండు ముసలి ఒంటెల్లో ఒకటి దారిలో ఎక్కడో కూలిపోతుంది. రెండోది ఉప్పుమడుల దగ్గర నిలబడి దానికోసం చూస్తుంటుంది. కాకి వచ్చి, "నీ జోడీ ఇక రాదు" అంటుంది. ఒంటె వింటుంది, "అలాగా" అంటుంది. అంతకు మించి ఏమీ లేదు. బొమ్మను ఎవరో తయారుచేశారు, గొంతు ఇంకెవరో ఇచ్చారు. ఆ బొమ్మ చేత నటింపజేయడం సింధూజ పని. సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేముల లెక్కన రెండువందల అరవైనాలుగు ఫ్రేములు. రెండు వారాల నుంచి అవే. ఏడుసార్లు పంపింది, ఏడుసార్లు తిరిగొచ్చింది.

పొద్దున హైదరాబాదు నుంచి పార్థసారథి వీడియో కాల్ చేశాడు. స్టూడియోలో ఆమెకు పైఅధికారి. స్టూడియో మూతబడి ఏడాది దాటింది, అందరూ ఎవరి ఇళ్లలో వాళ్లు కూర్చుని పని చేస్తున్నారు. ఆయన వెనక గోడమీద తడి బనీను ఒకటి ఆరుతూ ఉంటుంది. ఏడాదిగా అదే బనీనో, వేరేవో.

"సింధూజా, చెడ్డగా లేదు. కానీ కాకి నోరు తెరవకముందే నీ ఒంటె ఏడవడానికి రెడీగా ఉందమ్మా."

"ఎక్కువైందా సర్?"

"ఎక్కువా తక్కువా కాదు. అది వినలేదు. విన్నట్టు చేసింది."

"పోయినసారి తగ్గించమన్నారు కదా సర్. తగ్గించాను."

"తగ్గించమంటే రేడియో సౌండ్ తగ్గించినట్టు తగ్గించావు. నేనడిగింది అది కాదు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ క్యారెక్టర్లన్నీ రోడ్డుకి అవతల ఉన్నవాడితో మాట్లాడుతున్నట్టుంటాయి. ఎందుకలా? కాకి పక్కనే ఉంది కదా. మూపు మీదే ఉంది!"

"చూస్తాను సర్."

"సాయంత్రం ఆరింటిలోగా పంపు. లేకపోతే ప్రసన్నకి ఇచ్చేస్తాను. నీకు గుంపులో నడిచే మేకలున్నాయి, అవి చేద్దువుగాని. ఏమీ అనుకోకు."

మేకలు. ఏమీ అనుకోకుండా ఉండటానికి కొంతసేపు పట్టింది. ఆ తరవాత కోపం ఆయనమీద నుంచి జారి తనమీదికే వచ్చింది, ఎప్పుడూ వచ్చేలాగే. రోడ్డుకి అవతల అన్న మాట నిజం. ఎందుకలా అని ఆయన అడిగాడు గానీ, చెబితే వినడానికి ఆయనకు తీరిక ఉండదు.

ఆమె మొహాలు నేర్చుకున్నది సాంచాల మధ్య. సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి వలసొచ్చిన పరాయి రాష్ట్రపు ఊరు జోల్వా. అక్కడ తండ్రి సోమలింగం పనిచేసే కార్ఖానాకు అన్నం డబ్బా తీసుకెళ్లేది. నలభై ఎనిమిది మరమగ్గాలు ఒకేసారి కొట్టుకుంటుంటే లోపల మనిషి మాట మనిషికి వినపడదు. అందుకని అక్కడ అందరూ మొహంతో మాట్లాడతారు. కనుబొమలు నెత్తికెక్కితే ఏమిటని. గడ్డం ఎగరేస్తే అటు చూడమని. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. ఆ కొసన పెద్దబాపు నరహరి, ఈ కొసన బాపు. అన్నదమ్ములిద్దరూ నలభై ఎనిమిది సాంచాల మీదుగా గొంతు లేకుండా తిట్టుకునేవాళ్లు. ఆమె డబ్బా పట్టుకుని నిలబడి చూసేది. ఎంత పెద్ద మొహాలు! దుఃఖమైతే దుఃఖం, వెక్కిరింపైతే వెక్కిరింపు, నలభై అడుగుల దూరానికి సరిపడా. లోపల ఉన్నదంతా బయటికే వస్తుందని, రాకపోతే లేనట్టేనని ఆ పిల్ల అప్పుడే నిశ్చయించుకుంది. ఇరవై ఏళ్ల తరవాత అదే మొహాన్ని ఒంటెకు తగిలించి, ఏడుస్తోంది చూడండి అంటోంది. ఎవరు నమ్ముతారు?

ఇద్దరి చెవులూ ఆ చప్పుడులోనే పోయాయి. నరహరి పదేళ్ల కింద సిరిసిల్ల వెళ్లిపోయాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం వీడియో కాల్. సింధూజ ఫోన్ కలిపి సౌండ్ తీసేసేది, అది దండగ కనక. చిన్న తెరలో అక్కడొక ముసలి మొహం, ఇక్కడొక ముసలి మొహం, అరగంటసేపు కనుబొమలూ గడ్డాలూ వేళ్లూ.

ఆ పెద్దబాపు నిన్న పొద్దున సిరిసిల్లలో చచ్చిపోయాడు. ఐదు రోజుల దగ్గు, ఒక రోజు ఆక్సిజన్. బాపుకు ఇంకా తెలియదు. చెప్పాల్సింది సింధూజ.

ఇదీ అసలు సంగతి. ఒంటె కాదు.

అమ్మ ఊర్మిళ మార్చిలో చెల్లెలి కూతురి పెళ్లికని సిరిసిల్ల వెళ్లి అక్కడే ఇరుక్కుపోయింది. నిన్న ఆమే వీడియో కాల్ చేసింది.

"మీ బాపు చెవులు నీకెరుకే గద బిడ్డా. నేను ఫోన్ల అర్సుకుంట చెప్పలేను. గది అర్సి చెప్పే మాటనా? నువ్వు దగ్గర కూసోని మెల్లగ చెప్పు."

"మెల్లగ చెప్తే వినవడదమ్మా."

"నీ మొకం జూస్తె సమజైతది తియ్."

అమ్మ ఏడుస్తోంది. తెర మూలన చిన్న గడిలో సింధూజకు తన మొహం కనపడింది. అమ్మ "పోయిండు" అన్నప్పుడు ఆమె చూసింది అమ్మను కాదు, ఆ గడిని. అందులో ఏమీ జరగలేదు. కనుబొమలు అక్కడే ఉన్నాయి. నోరు అక్కడే ఉంది. బస్సు ఇంకా రాలేదేమిటి అనుకునే మనిషి మొహంలా ఉంది. భుజాలమీద ఎక్కించుకుని రింగ్ రోడ్ బట్టల బజారు చూపించిన మనిషి పోతే, రెప్ప ఎప్పుడు పడిందో లెక్కపెట్టుకుంది తను. మనసులో లేక మొహంలో లేదా, మొహంలో రాక మనసులోకి రాలేదా? ఏది ముందు? కళ్లా, తలా? ఆ ప్రశ్న కూడా పనిలోదే. దుఃఖంలో కూడా పని ప్రశ్నలే వేసుకునే మనిషిని ఏం చేయాలి?

అలా నిన్నంతా గడిచింది. బాపు అన్నం తింటున్నాడు, తిననీ అనుకుంది. కునుకు తీస్తున్నాడు, తియ్యనీ అనుకుంది. ప్రతిదానికీ ఒక మర్యాదైన సాకు దొరికింది.

ఈరోజు పదింటికి ఎదురింటి బాలవ్వ తలుపు మీద రెండు వేళ్లతో తట్టింది. వాళ్లదీ సిరిసిల్ల వైపే. కొంగు మూతికి అడ్డంపెట్టుకుని మెట్టు కిందే నిలబడింది.

"చెప్పినవానే?"

"లేదత్తా."

"ఏందే గిది! గా ఒంటె ముందల పొద్దందాక కూసుంటవ్ గని, కన్నతండ్రి ముందల రెండు నిమిషాలు కూసోవా?"

"ఆఫీస్ కా కామ్ హై అత్తా. ఇయ్యాల్నే పంపాలె."

"ఒంటెకు ఏడుపు నేర్పుతరా ఎవ్వలన్న? మీ ఆఫీసోల్లకు పని లేదు." బాలవ్వ లోపలికి తొంగిచూసి గొంతు తగ్గించింది, ఆ అవసరం లేకపోయినా. "జూడు, నాతోని అయితలేదు. నిన్న మీ బాపు నన్ను జూసి 'చాయ తాగిపో చెల్లె' అన్నడు. నాకు గుండె పల్గినట్టయింది. పొద్దటిసంది ఇంటెన్కనుంచి తిరుగుతున్న, నా ఇంట్లకు నేనే దొంగ లెక్క. మాపటికి మనోల్లందరం వస్తం. అప్పటికి నువ్వు చెప్పకుంటె నేనే వచ్చి ఏడుస్త. గంతె."

"ఏడుస్తే ఎట్లత్తా, ఆయనకు తెల్వదు కద."

"ఏడుస్తనే తెలుస్తది."

బాలవ్వ వెళ్లిపోయింది. సింధూజకు ఆమె మీద ఈర్ష్య కలిగింది. ఏడిస్తే తెలుస్తుంది. ఎంత సుఖం!

బాపు ముందుగదిలో నేలమీద పాత చీర పరుచుకుని మామిడికాయలు తరుగుతున్నాడు. కూలీలు ఊళ్లకు వెళ్లిపోయాక శేఠ్ సగం సాంచాలే నడుపుతున్నాడు. ముసలివాళ్లను ఇంట్లో ఉండమన్నాడు. ఇంట్లో ఉండటం ఆయనకు చేతకాదు. మొదటి వారం ఫ్యాన్ విప్పి బిగించాడు. రెండో వారం తలుపు గొళ్లెం. ఇప్పుడు తొక్కు. "మీ అమ్మ లేకుంటె మామిడికాయలు ఆగుతయా?" అన్నాడు.

సింధూజ ఫోన్ తీసుకుని ఆయన ముందు కూర్చుంది. కూర్చునేముందు ఫోన్‌ను కారం డబ్బాకు ఆనించి నిలబెట్టి, వీడియో నొక్కింది.

ఎందుకు నొక్కింది? ఆ పనికి ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఈ పనిలో ఉన్న వాళ్లంతా బొమ్మచేత చేయించేముందు తాము చేసి వీడియో తీసుకుంటారు. దాన్ని రెఫరెన్స్ అంటారు. ఒంటె పక్క, అంటే వినేవైపు, తను పద్నాలుగుసార్లు తీసుకుంది, పద్నాలుగూ దొంగవే. కాకి పక్క ఎప్పుడూ తీసుకోలేదు. చెప్పేవాడి మొహం ఎలా ఉంటుందో తెలిస్తే వినేవాడిది తేలిక కావచ్చు. కాబట్టి తీసుకుంటున్నది తననే. బాపు పక్కన పడితే పడతాడు. ఈ మాటలన్నీ ఆమె తనకు చెప్పుకుంది. చెప్పుకుంటూనే ఫోన్‌ను బాపు వైపు రెండు వేళ్లంత జరిపింది. వెలుతురు ఆ పక్కనుంచి వస్తోంది.

ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఆయన తలెత్తి, ఎప్పటిలాగే ఆమె నోటివైపు చూశాడు.

"బాపూ. పెద్దబాపు పోయిండు."

ఇంకో మాట ఉంది. ఆ మాటలో రెండు 'చ'లున్నాయి, దాన్ని పెదాలమీద చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అది ఆమె నోట్లోంచి రాలేదు. పెద్దవాళ్ల విషయంలో అందరూ అనే మాటే అంది.

బాపు కనుబొమలు నెత్తికెక్కాయి. అరచెయ్యి గాలిలో తిరగబడింది.

"యాడికి?"

సింధూజ ఆయన మోకాలి మీది చెయ్యి తీసేసింది.

"యాడికి పోతడు గాయిన? గాడ లాక్‌డౌన్ పెట్టిరి. పదింటిదాంకనే విడుస్తున్నరట. గంతల్నే బస్టాండ్ కాడికి పోయి చాయ తాగుడు మర్గిండు. పోలీసోల్లు లాఠీతోని కాళ్లిరుగ గొడితె తెలుస్తది." కత్తి మామిడికాయలో దిగింది. టెంక పగిలింది. "ఇంట్ల ఉండు, ఇంట్ల ఉండు అని నెత్తి నోరు కొట్టుకుంటున్న. ఇంటడా? ఎవ్వలకు చెప్పి పోయిండు?"

"ఏమో" అంది సింధూజ.

ఏమో! ఆ మాట అన్న నోటిని కొట్టుకోవాలనిపించింది. మళ్లీ చెప్పవచ్చు. కాదు బాపూ, అలా కాదు అనవచ్చు. రెండు 'చ'ల మాట అనవచ్చు. కానీ ఒకసారి చెప్పి అయిపోయిన తరవాత దాన్ని మళ్లీ చెప్పడమంటే, కొట్టిన దెబ్బ సరిగా తగల్లేదని మళ్లీ చెయ్యెత్తినట్టు. ఆయన అప్పటికే అన్నమీద కోపంలో హాయిగా కూర్చుని ఉన్నాడు.

"ఫోన్ కలుపు" అన్నాడు.

"ఎత్తుతలేడు బాపూ."

"ఎందుకెత్తడు? నామీద కోపం గా మనిషికి. పోయిన ఐతారం, 'నీ పండ్లన్ని ఊడినయ్, నువ్వేం మాట్లాడుతున్నవో సమజైతలేదు' అన్న. గంతకే. ఉన్నమాట అంటె కోపం."

ఆమె ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వచ్చి ఒంటె ముందు కూర్చుంది.

అందరిమీదా ఒళ్లు మండింది. ఇంత పెద్ద భాషలో చనిపోవడానికీ చాయ తాగడానికి వెళ్లడానికీ ఒకే మాట పెట్టినవాళ్ల మీద. ఫోన్‌లో చెప్పలేనని తప్పించుకున్న అమ్మమీద. చెవిటివాడిమీద. ఒంటె వినాలి అని రోజూ చెప్పే పార్థసారథి మీద. వినడం ఎలా ఉంటుందో ఆయన మొహంలో తను ఎప్పుడైనా చూసిందా? ఆయన మొహంలో బనీను తప్ప ఏముంది? తుఫాను వెళ్లి రెండు రోజులైంది, ఆకాశం ఇంకా విడవలేదు. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఒంటె మొదటినుంచి "అలాగా" అంది.

బాపు ఆ తరవాత మూడుసార్లు గుమ్మంలోకి వచ్చాడు. మొదటిసారి కత్తి కొసతో ఫోన్‌ను చూపించి కనుబొమలెత్తాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. రెండోసారి ఉప్పు డబ్బాతో వచ్చాడు.

"కలిసిందా?"

"నెట్‌వర్క్ లేదు."

"గాడ లేదా, గీడ లేదా?"

"గాడనే."

మూడోసారి ఊరికే వచ్చి నిలబడి, తెరమీద ఒంటెను కాసేపు చూశాడు. "గిదెందుకు గట్ల చేస్తుంది? పండ్లు నొస్తున్నయా?" అని వెళ్లిపోయాడు.

పళ్లు నొప్పి. అవును, అచ్చంగా అలాగే ఉంది. రెండు వారాల్లో దానికి ఎవరైనా ఇచ్చిన మంచి సలహా అదొక్కటే. సింధూజకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఆ నవ్వు మీద అసహ్యం వేసింది. మూడు దాటింది. కాకి పక్క రెఫరెన్స్ ఉంది కదా, దాన్నైనా చూద్దామని ఫోన్ తీసింది.

వీడియోలో తన వీపూ చెవీ పడ్డాయి. మొహం పడనే లేదు. పడింది బాపు మొహం, నిండుగా, కిటికీ వెలుతురులో. దానంతట అదే అలా జరిగిందనుకోవడానికి ఆమెకు ఇక ఓపిక లేదు. తను కావాలనే అలా పెట్టింది. సరే. చూసింది. "పోయిండు", కనుబొమలు, "యాడికి?" మళ్లీ చూసింది. పని అలవాటు కొద్దీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక్కొక్క ఫ్రేమూ నడిపింది.

ఆ మాట అయిపోవడానికీ కనుబొమలు లేవడానికీ మధ్య ఎనిమిది ఫ్రేములున్నాయి. ఫోన్ సెకనుకు ముప్పై తీస్తుంది. అంటే పావు సెకను. మామూలు కంటికి అది లేదు.

మొదటి రెండింటిలో ఏమీ లేదు. మూడోదానిలో చూపు కదిలింది. ఆమె నోటిమీద ఉన్న చూపు అక్కడినుంచి లేచి ఆమె కళ్లలోకి వచ్చింది. సింధూజ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. చెవులు పోయినప్పటినుంచి ఈ మనిషి ఎదుటివాళ్ల కళ్లు చూడడు. నోరు వదిలితే మాట వదిలినట్టే ఆయనకు. మాట ఇంకా రావచ్చని అనుకునేవాడు నోటినే చూస్తాడు. ఇక వినాల్సిందేమీ లేదని తెలిసినవాడే పైకి చూస్తాడు. నాలుగు, ఐదు. కింది రెప్పలు కొంచెం బిగిశాయి. ముక్కుపుటాలు అక్కడే ఆగాయి. ఆరోదానిలో కత్తిమీది చెయ్యి బరువు తీసేసింది. ఏడు, అలాగే. ఎనిమిది, అలాగే. నోరు అసలు కదలలేదు. ఏదీ వణకలేదు. తొమ్మిదో ఫ్రేములో కనుబొమలు లేచాయి, సాంచాల మధ్య నుంచి, నలభై అడుగుల దూరానికి సరిపడా. "యాడికి?"

ఆయన విన్నాడు.

పది గంటలకే విన్నాడు. విని, పావు సెకనులో ఒక మొహం వెతుక్కుని తగిలించుకుని, దాన్నే ఇంతసేపు గుమ్మంలోకి మోసుకొస్తున్నాడు. పోలీసులు, బస్టాండ్, ఊడిన పళ్లు. అంతా నాటకం! మొహాలు చదవడానికి జీతం తీసుకునే మనిషి చేతికందే దూరంలో కూర్చుని ఆ నాటకాన్ని గుర్తుపట్టలేదు. పైగా ఏమో అని తన వంతు కూడా కలిపింది.

ఎందుకు చేశాడు? చచ్చినవాడిని తిట్టడం కుదరదు కనక ఇంకొన్ని గంటలు బతికించుకున్నాడా? మళ్లీ చెప్పే బాధ కూతురికి లేకుండా చేశాడా? లేక ఆ కారం డబ్బా పక్కన నిలబెట్టిన ఫోన్‌ను చూశాడా? ఈ మూడోది వచ్చేసరికి ఆమె చెవులు కాలాయి. తరవాత అసలు కారణమేదీ ఉండకపోవచ్చు అనిపించింది. చెయ్యి నిప్పుమీద పడితే వెనక్కి లాక్కుంటాం, కారణం అడిగితే ఏం చెబుతాం?

ఇలా ఆలోచిస్తూనే ఉంది గానీ చేతులు ఊరుకోలేదు. చేతులకు సిగ్గు లేదు. అవి ఒంటె కనుబొమలను కిందికి దించాయి. వేలాడే పెదవిని మూసేశాయి. ఒంటె చూపును కాకి ముక్కు మీద నుంచి ఎత్తి కాకి కళ్లలోకి పంపాయి. కింది రెప్పలు ఇంత. ముక్కుపుటాలు ఆపేశాయి. ఎనిమిది ఫ్రేములు. ఆ తరవాత చాలాసేపు ఏమీ లేదు, చివరికి "అలాగా". నడిపి చూసింది. ఒంటె విన్నది. పళ్లు నొప్పి కాదు. అక్కడ ఎవరో ఉన్నారు.

నాలుగుంబావుకు పంపేసింది. పంపకూడదని ఎవరైనా అంటారేమోనని ఒక నిమిషం చూసింది. ఎవరూ అనలేదు.

పది నిమిషాల్లో పార్థసారథి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఇదీ! ఇది వింది సింధూజా! మాటలు రావట్లేదు నాకు. ఎవర్ని చూసి చేశావు ఇది?"

'మా బాపు' అని టైపు చేసి చెరిపేసింది. 'నేనే' అని టైపు చేసి, దాన్నీ చెరిపేసింది. 'థాంక్యూ సర్' అని పంపింది. మేకలు ప్రసన్నకు వెళ్లిపోయాయి. రెండు వారాలు కోరుకున్నది దొరికింది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు నీళ్ల చప్పుడు వినపడింది.

మొదట బకెట్ నిండుతోందనుకుంది. తరవాత చెంబు. ఒకదానివెంట ఒకటి, ఆగకుండా, ఎత్తునుంచి పోసుకునే నీళ్లు. బాపు స్నానం పొద్దున్నే అయిపోయింది. ఆమె ముందుగదిలోకి వచ్చింది. చీరమీద మామిడి ముక్కలు సగానికి ఉప్పు కలిపి ఉన్నాయి, సగానికి లేదు. కత్తి కడిగి గోడవారన పెట్టి ఉంది.

నీళ్లు ఆగాయి. తలుపు తెరుచుకుంది. బాపు చొక్కాతో, లుంగీతో తడిసి ముద్దై బయటికి వచ్చాడు.

కట్టుబట్టలతో, తలమీదుగా. తమవాళ్లలో అలా ఎప్పుడు పోసుకుంటారో ఆమెకు తెలుసు, జోల్వాలో పుట్టి పెరిగినా తెలుసు. అన్నో తమ్ముడో పోయాడని చెవిన పడ్డవాడు అలా పోసుకుంటాడు. ఇంకెప్పుడూ పోసుకోరు.

"ఎండ బాగ గొట్టింది ఇయ్యాల" అన్నాడు బాపు.

కిటికీ బయట మబ్బు అలాగే ఉంది.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చొక్కా మార్చుకోలేదు. జుట్టులోంచి నీళ్లు చెవులమీదికీ మెడమీదికీ కారి, స్టూలు కింద మడుగు కడుతున్నాయి. గూట్లో ఉన్న తన ఫోన్ తీసి ఆమెవైపు చాపాడు. కనుబొమలు అప్పటికే లేచి ఉన్నాయి.

"నా సెల్లుతోని కలుపు. గాయిన నీ నంబర్ జూసి ఎత్తుతలేడేమో. రెండు మాటలు తిట్టి పెట్టేస్త."

ఫోన్ మీద నీటిచుక్కలు పడుతున్నాయి. ఆయన చూపు ఆమె నోటిమీద ఉంది, ఆమె ఏం చెబుతుందోనని. నెట్‌వర్క్ లేదంటే సరిపోతుంది. ఆయనకు అదే కావాలేమో. అయినా ఆ పెద్ద మొహం కింద ఆ చిన్నది ఇంకా ఎక్కడైనా ఉందా అని తన కళ్లు వెతుకుతున్నాయి. ఇప్పుడు కూడా. కింది రెప్పల దగ్గర, ముక్కు దగ్గర. చెయ్యి తీసి తన కళ్లకే అడ్డంపెట్టుకోవాలనిపించింది. ఎదురుగా ఉన్నంతసేపూ ఆమె చూస్తూనే ఉంటుంది, చూసినంతసేపూ ఆయన చేస్తూనే ఉంటాడు.

"ఏంది గట్ల జూస్తవ్? కలుపు" అన్నాడు.

ఆమె ఫోన్ అందుకోలేదు. తాడుమీది తువ్వాలు తీసుకుంది. స్టూలు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లింది, అక్కడినుంచి ఆయన మొహం ఆమెకు కనపడదు, ఆమె నోరు ఆయనకు కనపడదు. తువ్వాలు ఆయన తలమీద వేసి, రెండు చేతులతో తుడవడం మొదలుపెట్టింది.